విద్యార్థుల థ్రిల్లర్లలో మొహమూ కనబడాలి, మోటారూ వినబడాలి

సంపాదకులకు నమస్కారం.

కళాశాలల వార్షికోత్సవాల కాలం వచ్చిందంటే తిరుపతిలోనూ చిత్తూరులోనూ షార్ట్ ఫిల్ముల సందడి మొదలవుతుంది. అందులో థ్రిల్లర్లకే మోజు ఎక్కువ. ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి దొరికితే కథ నడిచిపోతుంది కదా, పాటలు అక్కర్లేదు, పెళ్ళిపందిరి అక్కర్లేదు. అయితే నిద్ర మానుకుని తీసిన ఆ సినిమాను సెమినార్ హాల్లో తెర మీద వేసేసరికి బూడిదరంగు గుడ్డ మీద నల్లటి మరకలు కదులుతున్నట్టు ఉంటుంది. ఎవరు ఎవరో తెలియదు. మాటలు ఫ్యాను హోరులో కలిసిపోతాయి. కెమెరా బాగాలేదనుకుని మరుసటి ఏడాది పిల్లలు ఇంకా ఎక్కువ అద్దె కట్టి ఇంకా పెద్ద కెమెరా తెస్తారు. ఫలితం మాత్రం మారదు. రాత్రి సీనుకు లైటు పెట్టకుండా తీయడం, చప్పుళ్ళను విడిగా రికార్డు చేసుకోకపోవడం: నష్టమంతా ఈ రెండు చోట్లే జరుగుతోందని మా అభిప్రాయం. రెండింటికీ పెద్ద ఖర్చు లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం, నిడివి ఎక్కువైతే మన్నించండి.

ఉదాహరణకు ఒక సీను అనుకుందాం. తిరుపతిలో మిద్దె మీద గది అద్దెకు తీసుకుని పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి. కింద ఇంటివాళ్ళు ఊరెళ్ళారు, గేటుకు తాళం వేసి ఉంది. రాత్రి పదకొండు దాటాక కింద సంపు మోటారు ఆన్ అవుతుంది. మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు. మోటారు స్విచ్ కింద, మెట్ల పక్కన. ఎవరు వేశారు? అయిదారు నిమిషాల సినిమాకు ఈ మాత్రం కథ చాలు. ఇందులో అసలు భయం మోటారు ఆన్ అయినప్పుడు పుట్టదు. ఆమె మెట్లు సగం దిగాక, ట్యాంకు నిండకుండానే అది ఆగిపోయినప్పుడు పుడుతుంది. ఆన్ అయినందుకు మనసు ఏదో ఒక కారణం చెప్పుకుంటుంది. ఆగిందంటే మాత్రం ఒక చెయ్యి ఈ క్షణాన ఆ స్విచ్ మీద ఉన్నట్టే.

ప్రేక్షకుడికి ఇది తట్టాలంటే గది ఎక్కడ, మెట్లు ఎటు, స్విచ్ ఎక్కడ అన్నది ముందే తెలిసి ఉండాలి. కాబట్టి మొదటి నిమిషంలోనే, పగటి వెలుతురులో, ఇంటావిడ సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ‘ట్యాంకు నిండినాక మోటారు ఆపెయ్యమ్మా, మరిచిపోవద్దు’ అని చెప్పే షాట్ ఒకటి ఉండాలి. స్విచ్, మెట్లు, గేటు మూడూ ఒకే ఫ్రేములో పడాలి. మామూలు మాటలాగా జరిగిపోవాలి. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు పోలిక తెలిసిందే: బాంబు ఉందని ముందే చూపిస్తే పావుగంట ఉత్కంఠ, చూపకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. మన విద్యార్థులు ఎక్కువగా రెండోదాన్నే పట్టుకుంటున్నారు. చివర్లో ట్విస్టు కోసమని ఇంటి నక్షాతో సహా అన్నీ దాచేస్తారు. మనిషిని దాచండి, చోటును దాచకండి.

షాట్లు విడగొట్టేటప్పుడు లైను క్రాస్ కాకుండా చూసుకోవాలి, అంటే మనిషి కదిలే దారి వెంట ఊహించుకునే గీతకు కెమెరా ఎప్పుడూ ఒకే పక్కన ఉండాలి. ఆమె మెట్లు దిగే మొదటి షాట్లో ఫ్రేములో ఎడమ నుంచి కుడికి వస్తే, కిందికి చేరేదాకా అన్ని షాట్లలోనూ అదే దిక్కు. మధ్యలో కెమెరా గోడ అవతలి వైపుకు మారి ఆమె కుడి నుంచి ఎడమకు కదిలితే, దిగుతున్న మనిషి వెనక్కి తిరిగిందని అనిపిస్తుంది. తప్పనిసరిగా దిక్కు మార్చాల్సి వస్తే మధ్యలో ఆమె నేరుగా కెమెరా వైపు దిగే షాట్ ఒకటి వేసుకుంటే కన్ను సర్దుకుంటుంది. లుక్, అంటే చూపు దిక్కు, కూడా అంతే. ఆమె కుడి కిందికి చూస్తే, తర్వాతి షాట్ ఆమె కంటి ఎత్తు నుంచి, అంటే సుమారు అయిదడుగుల ఎత్తులో కెమెరా పెట్టి, కిందికి వంచి తీయాలి. ట్రైపాడ్ ఎత్తు మార్చడానికి బద్ధకించి నడుము ఎత్తులో తీసేస్తే అది ఆమె చూపు అనిపించదు, ఎవరో మూడోవాళ్ళు చూస్తున్నట్టు ఉంటుంది. థ్రిల్లర్లో ఈ పొరపాటు కథనే మార్చేస్తుంది.

నటించే అమ్మాయికి ‘భయపడు’ అని చెప్పకండి. కళ్ళు పెద్దవి చేసి, గుండె మీద చెయ్యి వేసుకుంటుంది, అంతటితో సీను పోయింది. ఏ భావమూ లేని ఒకే మొహం షాట్ పక్కన గిన్నెడు సూపు షాట్ పెడితే ఆకలి, శవపేటిక పెడితే దుఃఖం ఆ మొహంలో ప్రేక్షకులు చూస్తారని రష్యన్ దర్శకుడు కులెషోవ్ వందేళ్ళ కిందటే చూపించాడు. మోటారు ఎన్ని సెకన్లుగా నడుస్తోందో మనసులో లెక్కపెట్టుకోమనండి. ఆ లెక్క మొహంలో భయంగా కనబడుతుంది. యాక్షన్ అన్నాక అయిదు సెకన్లు ఊరికే ఉండనిచ్చి పని మొదలుపెట్టించండి, పని అయ్యాక మరో అయిదు సెకన్లు ఆగి కట్ చెప్పండి. ఎడిట్ టేబుల్ దగ్గర ఆ పది సెకన్లే ప్రాణం పోస్తాయి.

ఇక వెలుతురు. గదిలో లైటు ఆర్పేస్తే మన కన్ను కాసేపటికి అలవాటు పడుతుంది. ఫోను కెమెరా అలా కాదు, తనంతట తాను ఐఎస్ఓను (వెలుతురును పట్టే సున్నితత్వాన్ని) 3200 దాకా పెంచుకుంటుంది. అప్పుడు గోడ మీద చీమలు పాకుతున్నట్టు గ్రెయిన్ వస్తుంది. యూట్యూబ్‌లోకి ఎక్కించాక అది గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. కాబట్టి రాత్రి సీనుకే పగటి సీనుకన్నా ఎక్కువ జాగ్రత్తగా లైటు పెట్టాలి. చిన్న చోటును బాగా వెలిగించి మిగతాది నల్లబడనివ్వాలి. ఐఎస్ఓ 400 నుంచి 800 లోపల కట్టిపడేసి, అందులో మొహం సరిగా కనబడేంత లైటు ఉందా లేదా అని చూసుకోవాలి.

మన గదికి లెక్క ఇది. బల్ల మీద దీపానికి 9 వాట్ల వార్మ్ వైట్ ఎల్ఈడీ బల్బు, అంటే 2700 నుంచి 3000 కెల్విన్ (లైటు రంగు కొలత, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం). బల్బు నేరుగా ఫ్రేములో పడితే తెల్లటి బొక్కలాగా కాలిపోతుంది కనుక షేడ్ లోపల బట్టర్ పేపర్ ఒకటి రెండు పొరలు చుట్టండి, వేడికి అంటుకోకుండా కాస్త ఎడంగా. కిటికీ బయట, రెండు మీటర్ల దూరంలో, 20 వాట్ల కూల్ డేలైట్ ట్యూబు, 6500 కెల్విన్. కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను, అంటే ఏ రంగు లైటును తెలుపుగా చూపాలన్న అమరికను, ఆటోలో వదలకుండా 4000 దగ్గర లాక్ చేస్తే దీపం నారింజరంగులోకి, కిటికీ నీలంలోకి వెళ్ళి, రంగులతో తర్వాత కుస్తీ పట్టకుండానే రాత్రి వచ్చేస్తుంది. కిటికీ గ్రిల్ నీడ గోడ మీద పడాలనుకుంటే కమ్మీలు ఎటు ఉన్నాయో చూడండి. కమ్మీలు నిలువుగా ఉంటే ట్యూబును కూడా నిలువుగా కట్టాలి. అడ్డంగా కడితే ఆ పొడవునా వెలుతురు వచ్చి నీడ చెదిరిపోతుంది.

దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ ఒక్క సూత్రం థ్రిల్లర్‌కు ఎంతో ఉపయోగం. దీపం మొహానికి అర మీటరు దూరంలో ఉండి, వెనక గోడ దీపానికి రెండు మీటర్లలో ఉంటే, గోడకు చేరేది మొహానికి అందినదాంట్లో పదహారో వంతే. గోడ దానంతటదే నల్లబడుతుంది. అదే అమ్మాయిని గోడకు ఆనించి మంచం మీద కూర్చోబెడితే మొహం, గోడ రెండూ ఒకేలా వెలిగి పెళ్ళి ఫొటోలాగా ఉంటుంది. గోడలు సున్నం తెలుపైతే దీపం ఎదురుగోడ మీద తగిలి తిరిగి మొహం మీదికే వస్తుంది, నీడలు పలచబడతాయి. ఆ వైపు నల్లటి దుప్పటి ఒకటి వేలాడదీస్తే నీడ మళ్ళీ చిక్కబడుతుంది. మరీ నల్లబడితే వెలుతురును మొహం మీదికి తిప్పడానికి ఒక థర్మాకోల్ షీటు చాలు. మనవాళ్ళ జుట్టు నలుపు, వెనక గోడ నలుపు, రెండూ కలిసిపోయి మొహం గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. భుజం వెనక నుంచి చిన్న లైటు జుట్టు అంచున పడేలా పెట్టడం తప్పనిసరి అనుకోండి.

మెట్ల దగ్గర పద్ధతి వేరు. లైటును కింద మలుపు అవతల పెట్టి, దిగేవాళ్ళు నీడబొమ్మగా కనబడేలా చేస్తే గోడ అంచు, మెట్టు అంచు, మనిషి ఆకారం మూడూ విడివిడిగా తెలుస్తాయి. సాంబ్రాణి పొగ వేస్తే ఆ లైటు కిరణం గాల్లోనే కనబడుతుంది. అంతకన్నా చవకైన హేజ్ మెషీన్ (పలచటి పొగ వేసే యంత్రం) లేదు. అయితే పొగ ఒక షాట్లో దట్టంగా, తర్వాతి షాట్లో పలచగా ఉంటే కట్ దగ్గర దొరికిపోతారు. ప్రతి టేకుకు ముందూ కాసేపు విసిరి గది అంతా సమంగా పరిచాకే తీయాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళను ఆ పూట బయట పనికి పెట్టండి. మెట్లు తడిపితే లైటు మెరిసి బాగుంటుంది గానీ, ఎవరూ కాలు పెట్టని మెట్లనే తడపాలి.

మిద్దె మీద, ట్యాంకు పక్కన, వెనకాల కొండ ఆకారం కనబడే వైడ్ షాట్ కావాలంటే రాత్రి పదకొండుకు తీయకండి. ఎంత లైటు పెట్టినా కొండ వెలగదు. పొద్దు కుంకాక ఆకాశంలో నీలం మిగిలే సమయం మన దగ్గర సుమారు 20 నిమిషాలు. అయిదు గంటలకే రిహార్సల్ ముగించుకుని, ఆ వైడ్ షాట్ ఒక్కటే ఆ 20 నిమిషాల్లో పట్టుకోవాలి. క్లోజులు తర్వాత తీరిగ్గా లైటు పెట్టి తీసుకోవచ్చు. ఇంకొకటి మిగిలిందనుకుంటే మరుసటి రోజు అదే వేళకు మళ్ళీ ఎక్కాలి, వేరే దారి లేదు.

కెమెరా అమరికల్లో ఎక్కువమంది చేసే తప్పు సెకనుకు 30 ఫ్రేములు, 1/60 షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం, సెకన్లలో). మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/60 షట్టర్‌కు ఆ లెక్క కుదరక తెర మీద నల్లటి పట్టీలు పాకుతాయి. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే సరిపోతుంది. 30 తప్పకపోతే షట్టర్ 1/100. అయినా పట్టీలు పోకపోతే ఆ బల్బు లోపలి డ్రైవర్ నాసిరకం, బల్బు మార్చడమే మందు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఫ్యాన్లు గుయ్యిమంటాయి, కరెంటు పోతే షూటింగు ఆపి టీ తాగడం మంచిది. ఫోనులో మామూలు కెమెరా ఇవన్నీ చేతికివ్వదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా, ఓపెన్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లు ఇస్తాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. లేకపోతే ఆమె తలుపు తీయగానే బయటి లైటుకు గది మొత్తం గుప్పున నల్లబడుతుంది, ప్రేక్షకుడి ధ్యాస తలుపు నుంచి కెమెరా మీదికి పోతుంది. ఫోనులో 1ఎక్స్ (జూమ్ లేని ప్రధాన) లెన్సే వాడండి, పెద్ద సెన్సర్ సాధారణంగా దానికే ఉంటుంది. చీకట్లో టెలి (దూరాన్ని దగ్గర చేసే) లెన్సు నొక్కినా చాలా ఫోన్లు లోలోపల 1ఎక్స్‌నే కోసి చూపిస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో మిద్దె మీద ఫోను వేడెక్కి రికార్డింగ్ ఆగిపోతుంది. కవరు తీసేసి, ఏరోప్లేన్ మోడ్‌లో, టేకుకు టేకుకు మధ్య నీడలో ఉంచాలి.

భయం చూపించాలని కెమెరాను ఊపకండి. నున్నటి గచ్చు మీద మందపాటి టవల్ పరిచి, దాని మీద ట్రైపాడ్ పెట్టి ఒక అడుగు దూరాన్ని పది సెకన్లలో మెల్లగా లాగితే చక్కటి ట్రాలీ. ప్యాన్ చేస్తే, అంటే కెమెరాను ఉన్నచోటనే పక్కకు తిప్పితే, ఒక వస్తువు ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి ఏడు సెకన్లు పట్టాలి. అంతకన్నా వేగమైతే 25 ఫ్రేములలో బొమ్మ కొట్టుకుంటుంది.

ఇప్పుడు మేము అన్నిటికంటే ముఖ్యమనుకునే చప్పుడు సంగతి. కెమెరా అద్దెలో వెయ్యి తగ్గించుకుని కాలర్ మైకు కొనమని ప్రతి బృందానికీ చెబుతాం. గడ్డానికి జానెడు కింద, ఓణీ రాసుకోకుండా లోపలి వైపు టేపుతో అంటించాలి. కొనేటప్పుడు పిన్ను చూడండి: ఫోనుకు మూడు నల్ల గీతలున్న పిన్ను కావాలి, కెమెరాకు రెండు గీతలది. రెండు గీతల మైకును ఫోనుకు పెడితే చాలాసార్లు ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంది, ఇంటికొచ్చాక గానీ తెలియదు. మైకు మీద గోరుతో ఒకసారి గీకి హెడ్‌ఫోన్లో వినండి, అదే పరీక్ష. రికార్డింగ్ మీటరులో లెవెల్ గట్టి మాటకు మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఆగాలి, సున్నా అంటే పైహద్దు. సున్నాను తాకి పగిలిన అరుపును ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి. రెండో ఫోనును రికార్డరుగా వాడితే ప్రతి టేకుకూ మొదట చప్పట్లు కొట్టాలి, బొమ్మనూ శబ్దాన్నీ తర్వాత జతచేయడానికి అదే గుర్తు. రెండు యంత్రాల గడియారాలు ఒకటి కావు, పొడవైన టేకు చివరికి తేడా రావచ్చు. మాట పెదవుల కన్నా ఒక ఫ్రేము ముందు వచ్చినా జనం గుర్తుపడతారు. వెనకబడితే మాత్రం మూడు ఫ్రేముల దాకా సహిస్తారు. కాబట్టి సందేహమైతే మాటను కాస్త ఆలస్యంగానే పెట్టండి.

ఫ్యాను, ఫ్రిజ్ ఆపాల్సిందే. తిరుపతి ఉక్కపోతలో ఇది మాటలు కాదని తెలుసు. అందుకే రెండు నిమిషాలకు మించని టేకులు, మధ్యలో ఫ్యాను. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులోనే పెట్టండి, మళ్ళీ వేయకుండా ఇంటికి పోలేరు. ఆ గది వదిలేముందు అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం పాటు ఖాళీ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి. దీన్నే రూమ్ టోన్ అంటారు. మాటల మధ్య కోసిన చోట్ల అతుకు ఇదే.

మోటారు చప్పుడును సీను తీసేటప్పుడు రికార్డు చేయకండి. సీను తీసేటప్పుడు మోటారు నడవకూడదు, నటికి చెయ్యి ఊపి సైగ చేస్తే చాలు. మరో రోజు విడిగా, సంపులో నీళ్ళున్నాయో లేదో చూసుకుని, ఒక్కసారే వేసి మూడు చోట్ల రెండేసి నిమిషాలు పట్టుకోండి: మోటారు పక్కన, మెట్ల మధ్యలో, మిద్దె గదిలో తలుపు వేసుకుని. టేకు టేకుకూ వేసి ఆపితే, నీళ్ళు లేకుండా నడిపితే ఇంటివాళ్ళ మోటారు కాలిపోతుంది. ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు ఇంకా విలువైనది. ఖాళీ ట్యాంకులో అది బోలుగా, లోతుగా ఉంటుంది, నిండేకొద్దీ స్వరం పైకి జరుగుతుంది. ఆ లోతు స్వరం ఉండగానే మోటారు ఆగితే ట్యాంకు నిండలేదని ఎవరూ చెప్పకుండానే చెవి తెలుసుకుంటుంది. ఆమె గదిలో ఉన్నంతసేపు మోటారు చప్పుడులో 500 హెర్ట్జ్ పైన ఉన్న సన్నటి స్వరాలన్నీ ఎడిటింగ్‌లో కోసేయండి, గోడ అవతల ఉన్నట్టు మొద్దుగా వినిపిస్తుంది. తలుపు తీసిన ఫ్రేములోనే ఆ కోత ఎత్తేయండి.

అడుగుల చప్పుడు కూడా విడిగా, అదే మెట్ల మీద, అదే చెప్పులతో. ఆమె పట్టీలు వేసుకుని ఉంటే రెండో మెట్టు దగ్గర ఆగి వాటిని విప్పి చేత్తో పట్టుకునే ఇన్సర్ట్ (దగ్గరి నుంచి తీసే చిన్న షాట్) ఒకటి తీయండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దానికి అర్థం వస్తుంది. నిశ్శబ్దంలో బల్లి పలికిందంటే మన ప్రేక్షకుడికి ఇంకో మాట అక్కర్లేదు, అయితే సినిమాలో ఒక్కసారే. తెల్లవారుజామున తీస్తే గుడి మైకు పాట వెనకాల పడుతుంది. కట్ చేసిన ప్రతిచోటా పాట గెంతుతుంది, పైగా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. మన ఊళ్ళో ప్రశాంతమైన వేళ రాత్రి ఒంటిగంటకూ మూడుకూ మధ్య అని లెక్క వేసుకోండి. రైలు కూత వినబడితే టేకు మధ్యలో ఉన్నా ఆగి మళ్ళీ తీయడమే.

ఎడిటింగ్‌కు కూర్చునే ముందు ఫుటేజీని రెండు చోట్ల కాపీ చేసుకోండి, ఆ తర్వాతే ఫోను ఖాళీ చేయండి. 4కెలో నిమిషానికి 350 ఎంబీ దాకా పోతుంది కనుక జాగా ముందే చూసుకోవాలి. ఫోను వీడియోల్లో ఫ్రేము రేటు నిలకడగా ఉండదు. టైంలైనులో మాట మెల్లమెల్లగా జారిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేరులో 25 ఫ్రేముల స్థిర రేటుకు మార్చుకోండి. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేరు ఉచిత వెర్షన్ చాలు. ఫుటేజీ లోపలికి తెచ్చాక ప్రాజెక్టు ఫ్రేము రేటు మార్చనివ్వదు, ముందే 25 పెట్టుకోవాలి. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మొరాయిస్తే ప్రాక్సీలు (తక్కువ సైజు నకళ్ళు) చేసుకోండి.

మొదటి కట్ ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) లేకుండా చేయాలి. మ్యూజిక్ వేసేస్తే చచ్చిన షాట్ కూడా బతికున్నట్టు మోసం చేస్తుంది. మన సీనులో మోటారు చప్పుడు ఆమె మొహం కన్నా 12 ఫ్రేముల ముందే, ఇంకా పుస్తకం మీద షాట్ ఉండగానే రావాలి. ప్రేక్షకుడు ముందు వింటాడు, తర్వాత ఆమె తలెత్తడం చూస్తాడు. మెట్లు దిగేకొద్దీ షాట్లు ఆరు సెకన్లు, అయిదు, నాలుగు, మూడు అని కుదించుకుంటూ పోండి. మోటారు ఆగిన చోట మాత్రం కట్ చేయకండి. అక్కడ ఆమె మొహం మీద ఎనిమిది, పది సెకన్లు అలాగే ఉండాలి. సరిగ్గా అక్కడే ధన్ మని మ్యూజిక్ కొట్టి, మూడు కోణాల్లో టపటపా కట్లు వేయడం మన షార్ట్ ఫిల్ములకు పట్టిన జబ్బు. ఆగిపోయిన చప్పుడు వినబడాలంటే దాని మీద ఇంకో చప్పుడు ఉండకూడదు కదా. అలాగని ట్రాకు పూర్తిగా ఖాళీ చేయకూడదు. స్పీకరు పోయిందేమోనని జనం అటు తిరుగుతారు. రూమ్ టోన్ ఉండాలి, ఆగిన తర్వాత ట్యాంకులో రెండు మూడు చుక్కలు పడాలి.

వెనకాల గంభీరంగా ఉండాలని 50 హెర్ట్జ్ దగ్గర డ్రోన్ శబ్దం (ఆగకుండా సాగే ఒకే మొద్దు స్వరం) వేస్తే అది ఫోను స్పీకర్లోనూ, చాలా సెమినార్ హాళ్ళ స్పీకర్లలోనూ వినబడదు. దాంతోపాటు 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఇంకో పొర కలపాలి. మొత్తం సౌండు మైనస్ 14 లఫ్స్ (మొత్తం గట్టితనం కొలత) దగ్గర ఉంచితే యూట్యూబ్ దాన్ని తగ్గించదు. అందుకోసం గుసగుసనూ అరుపునూ ఒకే ఎత్తుకు నొక్కేయవద్దు, థ్రిల్లర్‌కు ఆ తేడానే ఆస్తి.

కట్ అయ్యాక కథ తెలియని ఒకరికి చూపించి ‘బాగుందా’ అని అడక్కండి. ‘మోటారు స్విచ్ ఎక్కడుంది?’ అని అడగండి. చెప్పలేకపోతే మొదటి నిమిషం మళ్ళీ తీయాలి.

కలరింగ్‌లో నలుపును సున్నా దగ్గర నిలిపి, రాత్రి మొహాన్ని వేవ్‌ఫామ్‌లో (బొమ్మ వెలుతురును శాతాల్లో చూపే గ్రాఫులో) 30, 40 మధ్య ఉంచండి. ల్యాప్‌టాప్ తెరను నమ్మవద్దు, చీకటి గదిలో దాని మీద అన్నీ కనబడతాయి. ఫోను బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి పగటిపూట చూస్తే అసలు రంగు తెలుస్తుంది. ప్రొజెక్టరు నలుపును వేయలేదు, హాల్లో లైటు ఎంత ఉంటే తెర మీది నలుపు అంతే. కిటికీ పరదాలు సరిగా పడని హాల్లో మొహాన్ని ఇంకో 10 పెంచాల్సి వస్తుంది.

లొకేషన్ల గురించి క్లుప్తంగా. శేషాచలం అడవి అంచున రాత్రిపూట షూటింగు పెట్టుకోకండి. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ తిరిగే చోట టార్చిలైట్లతో గుంపుగా తిరగడమే ప్రమాదం. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన సంగతి మరువరానిది. తలకోన జాతీయ ఉద్యానం పరిధిలోది, అటవీశాఖ అనుమతి కావాలి. చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ కిందిది, సినిమా తీయడానికి వాళ్ళ లైసెన్సు ఉండాలి. తిరుమల మీద డ్రోన్ నిషిద్ధం, రేణిగుంట విమానాశ్రయం చుట్టూ ఆంక్షలున్నాయి. రైలు పట్టాల మీద షాట్ అనే ఆలోచనే వద్దు, ప్రాణానికి ముప్పు, 1989 రైల్వే చట్టం కింద జైలు శిక్ష కూడా ఉంది. బొమ్మ తుపాకి, కత్తి బయటికి తీసే సీను వీధిలో ఉంటే ముందురోజే స్థానిక పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా చెప్పి, ఇరుగుపొరుగు ఇళ్ళకూ చెప్పాలి. నిజానికి మిద్దె, మెట్లు, సంపు ఉన్న ఇల్లు దొరికితే ఇవేవీ అక్కర్లేదు.

ఈ ఉత్తరం ద్వారా కళాశాలలకు మా విన్నపాలు రెండు. పోటీకి ముందురోజు ప్రతి బృందానికీ సెమినార్ హాల్లో పది నిమిషాలు ప్రొజెక్టరు, స్పీకర్లు ఇవ్వండి. తమ సినిమా ఆ తెర మీద ఎంత నల్లబడుతుందో, మాట వెనక వరుసకు చేరుతుందో లేదో చూసుకుని ఆ రాత్రికి సరిదిద్దుకుంటారు. రెండోది, బహుమతుల్లో ఉత్తమ శబ్దానికి కూడా ఒకటి చేర్చండి. కెమెరా పట్టినవాళ్ళకు ఎప్పుడూ పేరు వస్తోంది. ఫ్రిజ్‌లో తాళాలు పెట్టి, చెమటలు కక్కుతూ, ఒక నిమిషం ఊపిరి బిగబట్టి మైకు పట్టుకున్నవాళ్ళ పేరు కూడా వేదిక మీద చదవాలి.

ఇట్లు,
షార్ట్ ఫిల్ములకు కెమెరా, శబ్దం, ఎడిటింగ్ చేసే కొందరు,
తిరుపతి